ఖాళీ గడి

మలక్‌పేట మెట్రో మెట్లు
ఫైలును కడుపుకు అదుముకొని ఎక్కుతున్న.
నీలం ఫైలు. కోఠిల నలభై రూపాయలు.
లోపల అన్నీ జిరాక్సులే.
ఒరిజినళ్లు కాలేజీ బీరువాల ఉన్నయి,
ఫీజు పైసలు సర్కారు ఎప్పుడిస్తే అప్పుడు
నేను నర్సునన్న కాగితం బయటికొస్తది.

లక్డీకాపూల్‌ల దిగిన. ఖైరతాబాద్‌ల దిగిన.
పంజగుట్టల రెండుసార్లు దిగిన.
ప్రతి దవాఖానకు అద్దాల తలుపు,
దానంతటదే తెరుచుకుంటది.
మూసేటిది మనుషులు.

"ఎక్స్‌పీరియెన్స్?"
"ఫ్రెషర్ సార్."
"రెండేండ్లు చేసినంక రా అమ్మా."
ఎక్కడ చేసి రావాలె సార్ అని
అక్కడ అడగలే.
లిఫ్టుల అడిగిన, అద్దంలున్న పిల్లను.

ఫారంల ఒక గడి ఉంటది, ప్రతి ఫారంల.
అందుల అడ్డగీత గీసి గీసి
ఆ గీత నా సంతకం కంటే బాగ కుదిరింది.

రాసేందుకు లేక కాదు.
పిల్లల వార్డుల పోస్టింగప్పుడు
ఒక్క మంచం మీద ముగ్గురు,
నడిమి పాపకు తెల్లారేదాంక నెబులైజర్ మాస్కు పట్టుకున్న మోచెయ్యి.
ఒక తాత పోయినంక
దవడకు గుడ్డ కట్టుకుంట
"తాతా, జర తల లేపు" అని
నాలుక కరుచుకున్న రాత్రి.
ఇవన్నీ ఏండ్లల్ల లెక్కకు రావు.
గడి కూడ చిన్నది.

హాస్టల్‌ల షాహీన్ జర్మన్ నేర్చుకుంటది,
పండ్లు తోముకుంట అంకెలు చదువుతది.
డోర్నకల్ కాడ మిరపతోటల నుంచి అమ్మ ఫోన్ చేస్తది,
ముక్కు ఎగబీల్చుకుంట "దొరికిందా బిడ్డా?"
ఘాటుకేనా అది? అడగను.

తొమ్మిదోది చాదర్‌ఘాట్ అవతల.
నలభై మంచాలు, కింద మందుల షాపు,
డాబా మీద ఆరేసిన పచ్చ దుప్పట్లు.
నర్సింగ్ సూపరింటెండెంట్ ఎస్తేరమ్మ
నా ఫైలు తెరవనే లేదు.
చాయ్ గ్లాసు పక్కకు జరిపి
ఎడమ చెయ్యి టేబులు మీద చాపింది.
"నీలం కాన్యులా. పెట్టు."

ఆ చెయ్యి చూసిన.
నల్లబడ్డ గీతలు, పాత మచ్చలు,
నరాలన్నీ లోపలికి పోయి తలుపేసుకున్నయి.
ఈ చేతికి చానా సూదులు దిగినయి,
ఏదో పెద్ద రోగానికే దిగి ఉంటయి.
నేను అడగలే. ఆమె చెప్పలే.

రబ్బరు కట్టి తట్టిన. రాలే.
ఇప్పేసిన.
ఆమె చాయ్ గ్లాసే తీసుకొని
మణికట్టు మీద ఆనించి పట్టుకున్న,
కాలకుండ.
"నన్ను చాయ్ తాగనియ్యవా?"
"రెండు నిమిషాలు మేడం."
కింద ఎవరో ఆటోవాలాతోని ఇరవై రూపాయలకు కొట్లాడుతున్నరు.
వాళ్ల బేరం తెగేటప్పటికి
బొటనవేలి దిక్కు నుంచి ఒకటి, సన్నగ,
వానపాములెక్క కదిలింది.
కంటికి కాదు, వేలికి.

దిగింది.
రక్తం ఒక్క చుక్క వెనక్కొచ్చి
ఎవరా అని చూసింది.
అంతదాంక వణకని నా చెయ్యి
అప్పుడు వణికింది.

ఎస్తేరమ్మ దూది ఒత్తుకుంట అన్నది:
"పదమూడు వేలు. మొదటి నెలంత నైట్లు. ఒరిజినళ్లు?"
"కాలేజోళ్ల తాన ఉన్నయి మేడం."
"ఈడికి తెస్తే ఈళ్లు గుంజుకుంటరు.
ఆడ్నే ఉండనీ కొన్నాళ్లు."
చల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగి
ఫారం నా దిక్కు తోసింది.

ఆ గడి కాడ పెన్ను ఆగింది.
ఈసారి గీత గీయలే.
ఖాళీగనే ఉంచిన.

సుల్తాన్ బజార్‌ల సెకండ్ల ముల్లున్న గడియారం కొన్న,
రెండు వందల ముప్పైకి.
"ఫోన్ల టైం లేదా అమ్మా?" అన్నడు దుకాణపాయన.
ఉన్నది, గని ఫోన్ల ముల్లు లేదు.
రేపు రాత్రి ఎనిమిదికి డ్యూటీ.
మెట్రో ఎక్కినంక యాదికొచ్చింది,
నైట్‌ల అన్నం పెడతరో లేదో
అడుగుడే మరిచిన.